సాక్ష్యంలో రెండో మనిషి

మా చర్చి సంఘంలో కొందరు కుర్రాళ్ళు ఈ మధ్య ఫోన్లతో సాక్ష్యాలు తీసి యూట్యూబ్‌లో పెడుతున్నారు. మొన్న ఆరాధన అయ్యాక నా దగ్గరకొచ్చి, "అంకుల్, మీరు రేడియోలో ఏళ్ళ తరబడి ఇదే పని చేశారంట కదా, మాకు ఏమన్నా చెప్పండి" అని అడిగారు. మైకు ఎక్కడ పెట్టాలో, వెలుతురు ఎటునుంచి రావాలో వాళ్ళకు నాకన్నా బాగా తెలుసు. నాకు తెలిసింది వేరు. అది నిలబడి చెప్పేది కాదనిపించి, ఇలా రాస్తున్నాను.

మా పని ఏమిటో ముందు చెప్పాలి. రాజమండ్రిలో ఒక చిన్న క్రైస్తవ స్టూడియో ఉండేది. వారానికొకసారి రేడియోలో మా కార్యక్రమం వచ్చేది. అందులో ఒక పాట, ఒక చిన్న ప్రసంగం, మధ్యలో ఒక సాక్ష్యం. ఒక మామూలు మనిషి తన జీవితం ఎలా ఉండేదో, ప్రభువు దగ్గరకు వచ్చాక ఎలా మారిందో తన నోటితో తాను చెప్పడమే సాక్ష్యం. నేను రికార్డరు భుజాన వేసుకుని ఊళ్ళకు వెళ్ళి ఆ మాటలు పట్టుకొచ్చేవాణ్ణి. పదోన్నతుల సంగతి, జీతాల సంగతి రాయను. రాయడానికి పెద్దగా లేవు కూడా.

చేరిన రోజు నుంచి డైరీ రాస్తున్నాను. ఎవరిని కలిశాను, ఎక్కడ భోజనం చేశాను, గోదావరి దాటే పంటు సమయానికి దొరికిందా, ఏ ప్రశ్న అడగడం మర్చిపోయాను. వీటిలో నాకు ఎక్కువ పనికొచ్చింది ఆఖరిది.

భీమవరం గజదొంగ

స్టూడియోలో యంత్రాల పని శాస్త్రి గారిది. అమలాపురం దగ్గర అగ్రహారం ఆయనది. పొద్దున్నే సంధ్య వార్చుకుని, విభూతి పెట్టుకుని వచ్చి, రోజంతా మా హల్లెలూయలు కత్తిరించి అతికించేవారు. మా సాక్ష్యాలు ఆయన విన్నన్ని మా బిషప్పులు కూడా విని ఉండరు. ఒకరోజు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి అన్నారు.

"ఆనందరావు గారూ, మీ వాళ్ళ పాపాలన్నీ ఒకే కొట్లో కొన్నట్టుంటాయండి. సారా, పేకాట, కత్తి. ఇంతమందిలో ఒక్కడన్నా పక్కవాడి పొలం గట్టు జరిపానని చెప్పడేం?"

నేను నవ్వేశాను. కానీ ఆ మాట డైరీలో రాసుకున్నాను.

తర్వాత కొన్నాళ్ళకు మా సహోద్యోగి ఒకాయన భీమవరంలో ఒక యువకుణ్ణి రికార్డు చేసుకొచ్చారు. రొయ్యల మేత అమ్మే కొట్లో గుమాస్తా. తాను ఒకప్పుడు దొంగల ముఠా నడిపానని, రైళ్ళలో దోచానని, ఒక ప్రార్థన కూటంలో వాక్యం విని కత్తి కాలవలో పారేశానని చెప్పాడు. గొంతు బాగుంది. ప్రసారం చేశాం. ఉత్తరాలు వచ్చాయి. ఉత్తరాల వెనకే ఒకావిడ కూడా వచ్చింది. చేతిలో క్యారేజీ, నెత్తిన చెంగు.

"మా వాణ్ణి దొంగన్నది ఎవరండి?"

"మీ అబ్బాయే అన్నాడమ్మా."

"ఆడికి కోడిని కొయ్యడం కూడా రాదండి. కోడి అరిస్తే ఆడూ ఏడుస్తాడు. ఇంటరు తప్పి, నాకు చెప్పకుండా, కాలేజీకని బయలుదేరి రోజూ చేపల చెరువు గట్టు మీద కూర్చునేవాడు. ఆడు చేసిన దొంగతనం అదేనండి. మా ఈధిలో ఆడపిల్లలు ఆణ్ణి చూసి తలుపులేసుకుంటన్నారు."

"మరి ప్రభువు దగ్గరకు వచ్చాక మారాడామ్మా?"

"మారాడండి. ఇప్పుడు అసలు అబద్ధం ఆడడు" అంది. అని, తాను దేనికి వచ్చిందో గుర్తొచ్చి తనే నవ్వేసింది. శాస్త్రి గారు అద్దం వెనక గదిలోంచి లేచి వచ్చి మరీ నవ్వారు.

ఆ అబ్బాయిని నేను వెళ్ళి కలిశాను. తల వంచుకుని, "ముందు వారం సాక్ష్యంలో ఒకాయన హత్య చేశానన్నాడండి. నాది మరీ చిన్నదైపోయింది. ఇంత చిన్నదానికి ప్రభువు సిలువ మోశాడంటే ఎవరు నమ్ముతారనుకున్నాను" అన్నాడు.

నవ్వే మాట కాదు అది. మేం వారం వారం పెద్ద పాపుల్నే వినిపించి, మామూలు పాపుల్ని బయట నిలబెట్టాం. అమ్మకు అబద్ధం చెప్పి చెరువు గట్టున కూర్చున్నవాడికి కూడా విమోచన కావాలి. వినేవాళ్ళలో వాళ్ళే ఎక్కువ. తర్వాత ఆ తల్లీకొడుకులిద్దర్నీ కలిపి, జరిగింది జరిగినట్టు రికార్డు చేశాం. తల్లి మధ్య మధ్య "అది కాదురా" అని సరిదిద్దుతూనే ఉంది. మేం చేసిన మంచి కార్యక్రమాల్లో అదొకటి.

డైరెక్టరు గారు

దైవకుమార్ గారు మా డైరెక్టరు. ఆయన గురించి చాలామంది చాలా అంటారు. ఆయన దగ్గర పనిచేసినవాణ్ణిగా చెబుతున్నాను, మనిషి మంచివాడు. శ్రోతల ఉత్తరాలన్నీ స్వయంగా చదివేవారు. మంచాన పడ్డవాళ్ళ ఉత్తరాలు విడిగా కట్టగట్టి, ఆ పేర్లు చదువుతూ ప్రార్థన చేసేవారు. ఆ ఉత్తరాల వల్లే ఆయనకొక నమ్మకం పడింది: స్వస్థత జరిగిన సాక్ష్యం వేసిన వారం మంచాన ఉన్నవాళ్ళకు కొంచెం ఊపిరి వస్తుందని. అందుకని, "అద్భుతం ఉంటే చూడండయ్యా" అనేవారు నేను సంచి సర్దుకుంటున్నప్పుడల్లా.

అద్భుతాలు జరగవని నేను అనను. ప్రార్థనకు జవాబు వచ్చిన ఇళ్ళు నేను చూశాను. అందుకే నకిలీవి కనిపిస్తే నాకు ఎక్కువ బాధ.

మీలో ఈ పనికి కొత్తగా వచ్చినవాళ్ళకు ఇక్కడే ఒక మాట. ఎవరూ అబద్ధం చెప్పాలని మైకు ముందు కూర్చోరు. సాక్ష్యం ఒకసారి చెబితే ఒకలా ఉంటుంది. పది కూటాల్లో చెప్పాక, జనం ఎక్కడ ఆమేన్ అన్నారో అక్కడ కథ లావెక్కుతుంది, ఎక్కడ దగ్గారో అక్కడ సన్నబడుతుంది. చెప్పేవాడికి కూడా తెలియకుండా జరుగుతుందిది.

నరసాపురం దగ్గరి ఇల్లు

నేను రాయాలనుకున్నది దానియేలు, రూతమ్మల సంగతి. ఇద్దరి అనుమతి తీసుకున్నాను. పేర్లు మాత్రం మార్చాను.

దానియేలు నరసాపురం దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పని చేసేవాడు. చేపల లారీలకు ఐసు ఎక్కించే పని. ఒకప్పుడు బాగా తాగేవాడు. తాగిన మైకంలో భార్య చెయ్యి విరగ్గొట్టాడు. తర్వాత మారాడు. నేను వెళ్ళేనాటికి ఆయన సాక్ష్యం పాలకొల్లు మొదలు కాకినాడ దాకా కూటాల్లో మారుమోగుతోంది. గొంతు గంభీరం. చెబుతుంటే మగవాళ్ళు కూడా కండువాతో కళ్ళు తుడుచుకునేవారు. కథ చివర ఇలా ఉండేది: తాను మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేయగానే విరిగిన భార్య చెయ్యి ఆ క్షణమే బాగైపోయింది.

మన కూటాల్లో ఒక అలవాటు ఉంది. సాక్ష్యం చెప్పేవాడి భార్యను ముందు వరుసలో కూర్చోబెడతారు. కథ ముగిశాక స్టేజీ మీదున్న పాస్టరు అయ్యగారు మైకు అందుకుని, "ఆ చెల్లెమ్మ ఒకసారి లేచి నిలబడాలి" అంటారు. ఆమె లేస్తుంది. "చెయ్యి ఎత్తమ్మా" అంటారు. ఎత్తుతుంది. జనం హల్లెలూయ అంటారు. నేను అలాంటివి ఎన్నో చూశాను. ఎప్పుడూ స్టేజీ వైపే చూశాను.

దానియేలును వాళ్ళింట్లోనే రికార్డు చేశాను. చిన్న డాబా ఇల్లు, ముందు అరుగు. అరుగు మీద రూతమ్మ, పక్కింటి లక్ష్మి లేసు అల్లుకుంటున్నారు. లక్ష్మి వాళ్ళు గోదావరి మీద వేటకు వెళ్ళే కుటుంబం. రూతమ్మ దగ్గర ఆ మధ్య నుంచే పని నేర్చుకుంటోంది. దానియేలు లోపల కూర్చుని, ఎక్కడా తడబడకుండా సాక్ష్యం చెప్పాడు. చివరి మాట అయ్యేసరికి ఫోను మోగింది, ఫ్యాక్టరీలో లారీ వచ్చిందట.

"ఆయ్, వచ్చేస్తన్నానండి" అని ఫోనులో చెప్పి, నాతో "టీ తాగి ఎళ్ళండి రేడియో గారూ" అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

రూతమ్మ టీ తెచ్చి ఇచ్చింది. అరుగు మీదే కూర్చుని తాగుతున్నాను. లక్ష్మి సూది ఆపకుండా మాట్లాడింది.

"రేడియో గారూ, ఒకటడగనా? మీరు చదువుకున్నోళ్ళు. మా ఆయన కూడా తాగుతాడండి. మా దేవుళ్ళందరికీ మొక్కాను. అంతర్వేది ఎళ్ళి తలనీలాలు కూడా ఇచ్చాను. అక్కకి జరిగింది విన్నాక మీ దేవుడికీ మొక్కానండి, దాపరికం ఎందుకు. ఏమీ జరగలేదు. అక్కకి ఒక్క క్షణంలో చేసినాయన నాకెందుకు చెయ్యలేదంటారు? నాలోనే ఏదో తేడా ఉండి ఉంటది."

ఇలాంటి చోట బోధకులు చెప్పే మాటలు నాకు చాలా తెలుసు. ఒకటి ఎత్తుకోబోయాను. రూతమ్మ చేతిలో సూది ఆగిపోయింది. దారం ఉండ ఒళ్ళోంచి పక్కన పెట్టి, కుడి చెయ్యి నా ముందు చాపింది.

చూపుడు వేలు మధ్య కణుపు దగ్గర పక్కకు వంగి ఉంది. గుప్పిట మూస్తే అది ఒక్కటీ మూసుకోవడం లేదు.

"బాగవ్వలేదండి" అంది. "నేను గుమ్మం పట్టుకుని అడ్డం నిలబడితే తలుపు ఏసేశాడు. ఏలు నలిగిపోయింది. ఆసుపత్రిలో కట్టు కట్టారు, వంకరగా అతుక్కుంది. సూది పట్టలేకపోయాను. బొటనేలుతో, నడిమేలుతో పట్టుకోవడం మళ్ళీ మొదట్నుంచి నేర్చుకున్నాను. పిల్లలు పలక దిద్దినట్టు."

లక్ష్మి ఆ చేతిని రోజూ చూస్తూనే ఉంది. ఆ పట్టే నేర్చుకుంటోంది కూడా. "అదేదో చిన్నప్పటిదనుకున్నానక్కా" అంది.

"మరి బాగైందని ఎవరన్నారమ్మా?" అని అడిగాను.

"ఎవరూ అనుకుని అనలేదండి. పాలకొల్లు వైపు పెద్ద కూటం. స్టేజీ మీద అయ్యగారు చెయ్యెత్తమన్నారు. ఎత్తాను. అంత దూరం నుంచి ఏలు ఎవరికి కనపడుద్ది? 'చూడండి, ప్రభువు ఎలా బాగుచేశాడో' అనేశారు. జనం లేచి నిలబడ్డారు. తర్వాత కూటంలో ఈయన కూడా అదే చెప్పేశాడు."

"మీరు కాదని చెప్పలేదా?"

రూతమ్మ వీధి వైపు చూసింది. భర్త వెళ్ళిపోయాడని తెలిసి కూడా చూసింది.

"ఆ కథ చెబుతున్నన్నాళ్ళూ తాగడం లేదండి. కూటం ఉందంటే వారం ముందు నుంచే కుదురుగా ఉంటాడు. కథ పోతే ఏమైపోతాడోనని భయం. నా ఏలు బాగైందనుకుంటే నాకేం పోయింది అనుకున్నాను." లక్ష్మిని చూసింది. "ఇదిలా అనుకుంటదని నాకు తెలీదు."

పంటు ఎక్కి అవతలి ఒడ్డున ఉన్న మా చెల్లెలింటికి వెళ్ళాల్సిన వాణ్ణి. వెళ్ళకుండా రాజమండ్రి బస్సెక్కాను. సంచిలో ఉన్న సాక్ష్యం ప్రసారమైతే ఎన్ని అరుగుల మీద ఎంతమంది లక్ష్ములు తమలోనే తేడా ఉందనుకుంటారో అని ఆలోచిస్తూ కూర్చున్నాను. ప్రసారం కాకపోతే, నిజం బయటపడితే, ఒక మనిషి మళ్ళీ తాగుడులో పడిపోవచ్చు. ఆ రెండోది కూడా ఊహ కాదు, అతని భార్యే చెప్పిన భయం.

కత్తిరిస్తే సరిపోదు

డైరెక్టరు గారికి అంతా చెప్పాను. ఆయన చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"ఆ ఒక్క వాక్యం తీసేయమని శాస్త్రి గారికి చెప్పండి. మిగతాదంతా నిజమేగా."

"తీస్తే రేడియోలో పోతుందండి. కూటాల్లో ఉంటుంది. ఆవిడ లేచి చెయ్యెత్తుతూనే ఉంటుంది."

"అతను మళ్ళీ తాగితే? ఆ ఉసురు ఎవరికయ్యా, మనకేగా?"

శాస్త్రి గారు గుమ్మంలో నిలబడి వింటున్నారు. "నేను బయటివాణ్ణి, చెప్పకూడదు గానీ" అని మొదలుపెట్టారు. చెప్పకూడదన్నాక ఆయన తప్పకుండా చెప్పేవారు. "అబద్ధం మీద నిలబడ్డ మనిషి ఎన్నాళ్ళు నిలబడతాడండి? ఆ అబద్ధం ఆయన ఇంట్లోనే కూర్చుని లేసు అల్లుతోందాయె."

డైరెక్టరు గారు కళ్ళద్దాలు పెట్టుకున్నారు. "వెళ్ళి మాట్లాడండి ఆనందరావు గారూ. తొందరపెట్టకండి. అతన్ని సిగ్గుపరచకండి. అతను వద్దంటే టేపు పక్కన పెట్టేద్దాం, అంతే." ఆయన మంచివాడని పైన రాసింది ఇందుకే. ఆ వారం వెయ్యడానికి మా దగ్గర ఇంకో సాక్ష్యం సిద్ధంగా లేదు. అయినా వదులుకున్నారు.

మళ్ళీ వెళ్ళాను. ఈసారి రికార్డరు సంచిలోంచి తీయలేదు. దానియేలు పని నుంచి వచ్చి, చేతులు చల్లబడిపోయాయని అరుగు మీద ఎండలో కూర్చుని ఉన్నాడు. విషయం నెమ్మదిగా చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది.

"అద్భుతం తీసేస్తే ఏం మిగుల్తదండి అందులో? పెళ్ళాం ఏలు ఇరగ్గొట్టిన తాగుబోతోడు మిగుల్తాడు. ఆణ్ణి ఎవరు పిలుస్తారు, ఎవరు వింటారు?"

"దానియేలు గారూ, మీ ఇంటావిడ గార్ని ఎప్పుడైనా అడిగారా?"

"ఏమని?"

"ఏదైనా."

రూతమ్మ గుమ్మంలోనే ఉంది. దానియేలు ఆమె వైపు తిరిగాడు. వెయ్యి మంది ముందు తడబడని మనిషికి అప్పుడు మాట కూడుకోలేదు.

"నేను చెబుతుంటే నీకేమన్నా ఇబ్బందా?"

"చెబితే కాదు. లేవమంటే."

"మరిన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా."

"నేను మళ్ళీ తాగుతానని భయపడ్డావా?"

రూతమ్మ "ఇప్పటికీ భయమే" అంది. "నువ్వు పని నుంచి రావడం కొంచెం ఆలస్యమైతే నా చెయ్యి అదే గుమ్మం మీంచి తీసేస్తా, తెలుసా నీకు? ఏలు బాగైపోయిందని నువ్వు అందరికీ చెప్పేశాక ఇంక ఆ భయం ఎవరికి చెప్పుకోను? బాగైపోయినోళ్ళకి భయం ఏంటంటారు."

దానియేలు తన అరచేతులు చూసుకుంటూ ఉండిపోయాడు. నాకు అక్కడ ఉండకూడదనిపించింది. లేచి, వాళ్ళ చర్చి అయ్యగార్ని చూసొస్తానని చెప్పి కాలవ గట్టున అటూ ఇటూ నడిచాను. తిరిగొచ్చేసరికి భార్యాభర్తలిద్దరూ అరుగు మీదే ఉన్నారు. దానియేలు ఒక్క మాటే అన్నాడు.

"ఆదివారం మా చర్చిలో చెబుతానండి. పెద్ద కూటంలో కాదు, ఇక్కడ. నన్ను తాగినప్పుడు చూసినోళ్ళ ముందు."

"చెప్పు" అంది రూతమ్మ. "గానీ నన్ను లేవమనకు."

ఆ ఆదివారం

ఆదివారం సంగతికి ముందు, మీరు ఎలాగూ అడుగుతారు కాబట్టి, తర్వాతది చెప్పేస్తాను. పెద్ద కూటాల పిలుపులు తగ్గిపోయాయి. దానియేలు మళ్ళీ తాగాడా అంటే, తాగాడు. తమ్ముడు పోయినప్పుడు. మర్నాడు తనే అయ్యగారి దగ్గరకు నడిచి వెళ్ళి చెప్పాడు. అప్పట్నుంచి ఎక్కడ సాక్ష్యం చెప్పినా అది కూడా చేర్చి చెబుతాడు. అది విన్న కొందరు పెద్దలు, "ఇదేం సాక్ష్యం, విజయం లేకుండా" అని నాతోనే అన్నారు. నా అభిప్రాయం వేరు. పడి, లేచి, పడ్డానని ఒప్పుకున్న మనిషిని చూస్తే ప్రభువు పట్టుకున్న చెయ్యి కనిపిస్తుంది నాకు. పడనివాణ్ణి చూస్తే అతని కాళ్ళే కనిపిస్తాయి.

ఇక ఆదివారం. చిన్న చర్చి. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు చాపల మీద. నేను వెనక గోడ దగ్గర రికార్డరుతో కూర్చున్నాను. దానియేలు మైకు వద్దన్నాడు. ఎప్పుడూ వేసుకునే తెల్ల ప్యాంటూ చొక్కా కాకుండా లుంగీతో, పనికి వెళ్ళే చొక్కాతో వచ్చాడు.

"నా భార్య ఏలు నేనే ఇరగ్గొట్టానండి. అది బాగవ్వలేదు. బాగైపోయిందని చాలా ఊళ్ళలో చెప్పాను. అది నిజం కాదు."

చర్చిలో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

"కట్టు ఇప్పాక తను సూది పట్టడం నేర్చుకుంది. పట్టుకుంటే జారిపోయేది. నాతో మాట మాట్లాడేది కాదు. తిట్టినా బాగుండు. నేను పక్కన కూర్చుని, సూది పడ్డప్పుడల్లా తీసి ఇచ్చేవాణ్ణి. అదే నేను చేసిన క్షమాపణ. ఒకరోజు తాగి వచ్చాను. సూది కింద పడింది. తీద్దామని వంగితే నా వల్ల కాలేదు. నేల తిరిగిపోతంది. తనే వంగి తీసుకుంది. నా కాళ్ళ దగ్గర వంగి. అప్పుడు నాకు నేనేంటో తెలిసిందండి. మోకాళ్ళ మీద పడ్డది అప్పుడే. అది మాత్రం నిజం."

ఈ సూది సంగతి నేను అంతకు ముందు వినలేదు. ఆయన గొంతులో రికార్డు చేసిన కథలో లేదు. ఆ కూటాలన్నిటిలోనూ లేదు. అద్భుతం వచ్చి కూర్చున్న చోట ఇది ఉండేదన్నమాట.

"ఆ రోజుతో మానేశానా అంటే లేదండి. మానాను, తాగాను, మళ్ళీ మానాను. ప్రభువు సమాధిలోంచి లేచాక కూడా ఆయన చేతుల్లో మేకుల గుర్తులు ఉన్నాయని అయ్యగారు చెబుతుంటారు. నా భార్య చేతికి నా గుర్తు ఉంది. అది పోదు. ప్రభువు నన్ను క్షమించాడు, తను కూడా రోజూ కొంచెం కొంచెం క్షమిస్తంది. ఆ ఏలు చూసుకుంటా బతకాలి నేను. అంతేనండి నా సాక్ష్యం."

ఎవరూ ఆమేన్ అనలేదు. అనడానికి ఎక్కడా చోటు లేదు. అయ్యగారు పెద్దాయన. కళ్ళు తుడుచుకుని, ఎన్నేళ్ళ అలవాటో, ఆడవాళ్ళ వైపు తిరిగి చెయ్యి చాపారు.

"అమ్మా రూతమ్మా, ఒకసారి లే..."

"కూర్చోనివ్వండి అయ్యగారూ" అన్నాడు దానియేలు. చాలా మర్యాదగా అన్నాడు. "తను కూర్చునే ఉంటది."

అయ్యగారి చెయ్యి దిగిపోయింది. రూతమ్మ తలెత్తి భర్తను చూసింది. ఆ చూపు గురించి ఆ రోజు డైరీలో రాయబోయి రాయలేకపోయాను. ఇప్పుడూ రాయలేను.

కుర్రాళ్ళకు నేను చెప్పాల్సింది ఇందులోనే ఉంది. మీ ముందు కూర్చుని మాట్లాడేవాడి కథలో ఇంకొక మనిషి ఉంటారు. దెబ్బ తిన్నవారు, ఎదురుచూసినవారు, ఇంకా పూర్తిగా నమ్మలేనివారు. ముందు వాళ్ళ దగ్గరకు వెళ్ళండి, కెమెరా లేకుండా వెళ్ళండి. వాళ్ళు వద్దంటే ఆ కథ ఎంత గొప్పదైనా మీది కాదు. వాళ్ళు సరేనంటే, నిజానికి మీరు ఏమీ కలపనక్కర్లేదు. ప్రభువు చేసే పనికి మన నగిషీ అవసరం లేదని నేను నమ్ముతాను. జరిగింది చెబితే అది ఎవరికి కావాలో వాళ్ళ దగ్గరకు తనంతట తాను నడిచి వెళ్తుంది. వెళ్ళడం నేను చూశాను.

ఆరాధన ముగిసింది. జనం బయటికి వస్తున్నారు. లక్ష్మి చర్చి లోపలికి రాలేదు, కిటికీ పక్కన నిలబడి అంతా విన్నట్టుంది. రూతమ్మ మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటుంటే దగ్గరకొచ్చింది.

"అక్కా, ఎన్నాళ్ళు పట్టింది?"

రూతమ్మ ఒక కాలికి చెప్పు వేసుకుని ఆగింది. "ఏది? ఆయన మానడానికా, నేను నమ్మడానికా?"

లక్ష్మి "రెండూ చెప్పు" అంది.

రూతమ్మ వేసుకున్న చెప్పు కూడా విడిచేసి మెట్టు మీద కూర్చుంది. పక్కన చోటు చేత్తో తుడిచి లక్ష్మిని కూర్చోమంది. "మొదటిదైతే చెప్పగలను. రెండోది ఇంకా అవుతానే ఉంది" అని మొదలుపెట్టింది. దానియేలు ఆవిడ సంచి పట్టుకుని గేటు బయట ఎండలో నిలబడి ఉన్నాడు. వాళ్ళ మాటలు అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు, పిలవలేదు.